యల్లాప్రగడ సుబ్బారావుగారును కండరములోని భాస్వరమును

యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పినంతనే మన దేశమున చదువుకొన్నవారు ఔషధముల పట్టికనొకదానిని ఏకరువు పెట్టుదురు. ఆరియోమైసిన్, ఫోలిక్ ఆమ్లము, బోదకాలునకు హెట్రజాన్, రాచపుండునకు మెథొట్రెక్సేటు అని నాలుగు పేర్లు చెప్పి, నోబెలు బహుమానము రాకపోయెగదా యని నిట్టూర్చి ప్రసంగము ముగింతురు. ఇందు అసత్యమేమియు లేదు. కాని ఆయన తన ముప్పదిరెండవ యేట ఒక పిల్లి కండరములో కనిపెట్టిన సంగతి ఈ ఔషధములన్నిటికంటె మూలమైనది. మనము చేయి యెత్తినను, అడుగు వేసినను, ఊపిరి పీల్చినను లోపల జరుగు వ్యాపారమునకు అది మొదటి ఆనవాలు. దానిని గూర్చి పలుకువారు మనలో అరుదు. అది యేమో యెరుంగక చేయు పొగడ్త పొలము గట్టు త్రొక్కక కరణము వ్రాసిన అజమాయిషీ లెక్కవంటిది. కావున నేడు ఔషధముల మాట కొంతసేపు ప్రక్కనుంచి, ఆ కండరము కథను పాఠకుల యెదుట పెట్టదలచితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచేత ముందుగనే ఉద్యోగము మానుకొనిరి. తల్లి వెంకమ్మగారు. బిడ్డలు పెక్కురు, రాబడి స్వల్పము. పిల్లవానికి చదువుపై బుద్ధి నిలువలేదు. పదుమూడవ యేట కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని ఇల్లు విడువగా, మరలించి తెచ్చి బడిలో కూర్చుండబెట్టిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పిరి. మూడవ పర్యాయము మద్రాసులోని హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. ఆ చదువునకు తల్లి తన నగలను అమ్మవలసివచ్చెను. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా మనసు సన్న్యాసమువైపు తిరిగి, రామకృష్ణ మఠమున చేరుదునని పట్టుబట్టిరి. తల్లి సమ్మతింపలేదు. వైద్యము నేర్చి జనులకు సేవచేయుట మేలని మఠమువారే హితవు చెప్పిరి. మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించుట ఇట్లు జరిగెను.

అప్పటికి దేశమున విదేశవస్త్ర బహిష్కారము సాగుచుండెను. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలకు సైతము ఖద్దరు అంగీ తొడిగికొని పోయిరి. శస్త్రచికిత్స బోధించు ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో బాగుగనే నెగ్గినను, ఎం. బి., బి. ఎస్. పట్టమునకు బదులు ఎల్. ఎం. ఎస్. అను తక్కువ పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించిరి గాని దొరకలేదు. ఈ ఖద్దరు కథను మనము మిక్కిలి ప్రీతితో చెప్పుకొందుము. చెప్పుకొనవలసినదే. కాని ఆయన జీవితమును మలుపు త్రిప్పినది ఖద్దరు కాదు, ఇంటిలో సంభవించిన చావులు. ఇరువురు సోదరులు కొలది దినముల యెడమున ఒకే వ్యాధికి బలియైరి. ఆ వ్యాధి మన ప్రాంతములవారెరిగిన సంగ్రహణి. ఇంగ్లీషు వైద్యులు దానిని స్ప్రూ అందురు. నాలుక పూయును, విరేచనములు ఆగవు, తిన్నది ఒంటబట్టదు, రక్తము పలుచనై మనిషి శుష్కించి శుష్కించి పోవును. తమకును ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనిరి. పిదప మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, తిన్న అన్నము ఒంటబట్టకపోవుటకు కారణమేమి అను ప్రశ్నను మనసునబెట్టుకొని, అమెరికా పోవుటకు దారులు వెదకిరి. కాకినాడలోని సత్యలింగనాయకరు ధర్మసంస్థవారును, మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. భార్య శేషగిరిగారిని పుట్టింట విడిచి, 1920 దాటిన తొలి సంవత్సరములలో ఆయన బోస్టను నగరము చేరిరి.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవైద్యములో డిప్లొమా చదువుచు, పొట్టకూటికై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపు పళ్లెములు ఎత్తు పని చేసిరి. బ్రాహ్మణకుటుంబమున పుట్టి, వైద్యపట్టము చేతబట్టుకొని, ఈ పనికి వెనుదీయకపోవుట కొందరికి ఆశ్చర్యము గొలుపవచ్చును. సన్న్యాసము తీసికొనదలచినవానికి ఇందు చిన్నతనము తోచలేదు కాబోలును. అటుపిమ్మట ఆట్టో ఫోలిన్ ఆధిపత్యమున నడచు జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే అను పండితుని ప్రయోగశాలలో చేరిరి. ఫిస్కే ఆయనకు అప్పగించిన పని చూపునకు అతిసామాన్యము: రక్తములోను, మూత్రములోను, మాంసములోను భాస్వరమెంత యున్నదో కొలుచుటకు నమ్మదగిన పద్ధతి యొకటి ఏర్పరచుట.

భాస్వరమనగా చీకటిలో మెరయు ఆ పదార్థమేయని పాఠకులు భ్రమపడగూడదు. శరీరములో అది ఒంటరిగా నుండదు. నాలుగు ప్రాణవాయు పరమాణువులతో కూడి ఫాస్ఫేటు అను రూపమున నుండును. ఎముకలలో నున్నది ఎక్కువ పాలు అదియే. మనము పొలములకు చల్లు సూపరు ఎరువులోని సారమును అదియే. ఫాస్ఫేటును మాలిబ్డేటు అను లవణముతో కలిపి తగిన క్షయకరణ ద్రవ్యము నొకదానిని చేర్చినచో నీలిరంగు పుట్టును. ఫాస్ఫేటు ఎక్కువయైనకొలది రంగు చిక్కనగును. పరిమాణము తెలిసిన ద్రవమొకటి, తెలియనిది మరియొకటి ప్రక్కప్రక్కనుంచి రంగులు సరిపోల్చి లెక్కకట్టవచ్చును. ఈ యూహ కొత్తది కాదు. కాని అంతకుముందటి పద్ధతులలో రంగు త్వరగా వెలిసిపోవుచుండెను. ఫిస్కే సుబ్బారావులు అమైనోనాఫ్థాల్ సల్ఫోనిక్ ఆమ్లమను కొత్త ద్రవ్యమును వాడి, ఆమ్లద్రవములోనే త్వరగా పుట్టి నిలిచియుండు నీలిరంగును సాధించిరి. 1925లో ప్రకటింపబడిన ఆ పద్ధతిని శాస్త్రజ్ఞులు తమ వ్రాతలలో వేలకొలది పర్యాయములు పేర్కొనిరి.

ఇంతవరకు ఇది లెక్కగాండ్ర పని. అసలు కథ ఆ పద్ధతిని కండరముపై ప్రయోగించునప్పుడు మొదలయ్యెను. రక్తములోని ఫాస్ఫేటునకు రంగు కొద్ది నిమిషములలో పూర్తిగా వచ్చి నిలుచుచుండగా, కండరపు రసమునకు మాత్రము రంగు ఒక్కమారుగా రాక నెమ్మదిగా పెరుగుచునే యుండెను. మరియొకడైనచో కొలత చెడినదని ఆ గొట్టమును పారబోసి మరల మొదలిడియుండును. వీరట్లు చేయలేదు. రంగు ఆలస్యముగా వచ్చుచున్నదనగా ఫాస్ఫేటు ఆలస్యముగా బయటపడుచున్నదన్నమాట. ఆలస్యముగా బయటపడుచున్నదనగా అది మొదట దేనితోనో కూడియుండి, గొట్టములోని ఆమ్లముయొక్క తాకిడికి మెల్లమెల్లగా విడివడుచున్నదన్నమాట. అంతవరకు శాస్త్రజ్ఞులందరును కండరములో ఒంటరి ఫాస్ఫేటు పుష్కలముగా నున్నదని తలచుచుండిరి. వారి ఆమ్లములు కొలుచుటకు ముందే ఆ కూటమిని విడగొట్టుచుండుటచే దాని ఉనికియే వారికి తెలియకపోయెను.

ఫాస్ఫేటు కూడియున్న ఆ రెండవ వస్తువేది? అది క్రియాటిన్ అని తేలెను. ఫ్రాన్సు దేశమున షెవ్రోల్ 1832లో మాంసరసమునుండి ఆ పదార్థమును తీసియుండెను. అది కండరములలో సమృద్ధిగా నుండుట యెల్లరకు తెలియును. ఎందుకున్నదో దాదాపు నూరేండ్లు ఎవరికిని తెలియలేదు. ఒక్క క్రియాటిన్ అణువునకు ఒక్క ఫాస్ఫేటు చొప్పున అంటుకొని ఫాస్ఫోక్రియాటిన్ అను జంటయై కండరములో కాపురముండునని ఫిస్కే సుబ్బారావులు 1927లో సైన్సు పత్రికలో ప్రకటించిరి. విద్యుత్తు తాకించి కండరమును పనిచేయించినచో ఆ జంటలు తరిగిపోయి, విడి క్రియాటినును విడి ఫాస్ఫేటును మిగులును. కండరమునకు విశ్రాంతి నిచ్చినచో అవి మరల కూడుకొనును. పనిలో విడిపోవును, విశ్రాంతిలో కలియును. అలసట యనునది మాటగా గాక పదార్థముగా మనుష్యుని కంటబడుట అపుడే మొదలిడెనని చెప్పవచ్చును.

ఇది ఎంతటి మార్పో గ్రహింపవలెనన్న అప్పటి నమ్మకమేమో తెలియవలెను. కండరము పనిచేయుటకు కారణము చక్కెర విడివడి లాక్టిక్ ఆమ్లమగుటయే యని ఇంగ్లాండున హిల్, జర్మనీలో మెయ్యర్‌హాఫ్ నిర్ణయించి, 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము పొందియుండిరి. ఫాస్ఫోక్రియాటిన్ కనబడిన పిదప ఆ కట్టడమునకు బీటలు పారెను. 1930లో డెన్మార్కు దేశీయుడు లుండ్స్‌గార్డ్ ఒక విషముచే లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ అరికట్టి, అయినను కండరము కొంతసేపు ముడుచుకొనుచునే యుండుటయు, ఆ సమయమున ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోవుచుండుటయు చూపెను. హిల్ పండితుడు సత్యము నంగీకరించి, కండరశాస్త్రమున విప్లవము వచ్చినదని 1932లో తానే వ్యాసము వ్రాసెను. ఓడిన వాదమును ఓడినదని తానే చాటుట మన సభలలో సైతము నేర్చుకొనదగిన గుణము.

ఇచ్చట ఒక నిజము దాచరాదు. సుబ్బారావుగారును ఫిస్కేయును బోస్టనులో ఈ పనిలో నుండగా, హిల్ పనిచేయు లండను యూనివర్సిటీ కాలేజీలోనే ఎగిల్టన్ దంపతులు కప్ప కండరములో అదే పదార్థమును చూచి, ఫాస్ఫాజెన్ అని పేరిడి, అదే 1927లో ప్రకటించిరి. అందు క్రియాటిన్ కలదని స్పష్టముగా నిరూపించినవారు ఫిస్కే సుబ్బారావులు; ఆ పదార్థమును చూచుట మాత్రము ఇరుపక్షములకును చెందును. ఇది చెప్పినందున మనవాని గౌరవమునకు వచ్చిన లోటేమియు లేదు. ఒంటరిగా కనిపెట్టెనని మనము వేదికలపై చాటుచుండ, పొరుగు దేశపు విద్యార్థి గ్రంథము తెరచి కాదని చూపినపుడే లోటు వచ్చును.

విడిపోవుటవలన శక్తి యెట్లు పుట్టును? దీనిని గూర్చి బడిపుస్తకములలో సైతము ఒక పొరపాటు పాతుకొనిపోయినది. అణుబంధము తెగినంతనే అందులో దాగియున్న శక్తి వెలువడునని వ్రాయుచుందురు. అది సరికాదు. బంధమును తెంచుటకు ఎప్పుడును శక్తి వ్యయము కావలసినదే. కట్టెను చీల్చుటకు గొడ్డలి దెబ్బ కావలెను. చీలినంతమాత్రమున కట్టె వేడి నీయదు. మండునపుడు అందలి కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కొత్త బంధములు కట్టుకొనును. అప్పుడు వేడి పుట్టును. ఫాస్ఫేటు విషయమును అట్టిదే. క్రియాటిన్‌నుండి విడిన ఫాస్ఫేటు నీటితో కూడి, లోపలి ఒరపిడి తగ్గి, మునుపటికంటె స్థిమితమైన స్థితిలో కుదురుకొనును. తెంచుటకైన ఖర్చు పోగా మిగిలిన లాభమే కండరమునకు దొరకు బలము. మోలు అను నియమిత సంఖ్యగల అణువులకు ఆ లాభమును లెక్కించినచో ఫాస్ఫోక్రియాటిన్‌కు సుమారు 10 కిలోకేలరీలుండును.

1929లో ఫిస్కే సుబ్బారావులు కండరమునుండి మరియొక పదార్థమును వేరుచేసిరి. అడెనిన్ అను క్షారము, రైబోజు అను చక్కెర, వరుసగా మూడు ఫాస్ఫేటులు, వీనితో కూడిన అణువు అది. అడెనోసిన్ ట్రైఫాస్ఫేటు అనియు, క్లుప్తముగా ఎ.టి.పి. అనియు లోకము నేడు దానిని పిలుచుచున్నది. ఇందును భాగస్వామి కలడు. మెయ్యర్‌హాఫ్ ప్రయోగశాలలోని లోమన్ అను జర్మను పండితుడు అదే సంవత్సరమున, కొలది వారములు ముందుగనే, దానిని ప్రకటించియుండెను. ఎ.టి.పి. చివరి ఫాస్ఫేటు విడిపోవునపుడు వచ్చు లాభము మోలునకు 7 కిలోకేలరీలకు కొంచెము పైన. ఫాస్ఫోక్రియాటిన్ లాభము దీనికంటె ఎక్కువ గనుక, ఎగువ చెరువునీరు దిగువ మడికి పారినట్లు, దాని ఫాస్ఫేటు తరిగిపోయిన ఎ.టి.పి.ని మరల నింపగలదు. కండరపు తంతువులు నేరుగా వాడుకొనునది ఎ.టి.పి.ని, ఫాస్ఫోక్రియాటిన్ ప్రక్కనున్న గాదె. పరుగుపందెములో మొదటి పది సెకండ్లవరకు ఆటగాని కాళ్లను ఎక్కువగా మోయునది ఆ గాదెయే. ఒక్కసారి చూచినచో శరీరమున నుండు ఎ.టి.పి. అత్యల్పము; కాని అది నిమిష నిమిషమునకు విడిపోవుచు కలియుచునుండుటచే, కదలక కూర్చున్న మనిషిలో సైతము దినమునకు సుమారు 40 కిలోల లెక్కకు వచ్చును. కండరములోనే కాదు, మెదడులోను, మొలకెత్తు వరిగింజలోను, పెరుగు తోడుకొనుటలోను ఇదే నాణెము చెల్లుచుండునని లిప్‌మన్ మొదలగువారు తరువాత చూపిరి. 1941లో లిప్‌మన్ వ్రాసిన వ్యాసము దీనికి ధర్మశాస్త్రమయ్యెను. అతనికి 1953లో నోబెలు బహుమానము వచ్చెను.

సుబ్బారావుగారికి 1930లో హార్వర్డు డాక్టరు పట్టము లభించెను. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము లభింపలేదు. ఆయన వేరుచేసిన మరికొన్ని న్యూక్లియోటైడులను ఫిస్కే వెలుగు చూడనీయలేదనియు, వానిని కొన్నియేండ్ల తరువాత ఇతరులు మరల కనిపెట్టవలసివచ్చెననియు అదే శాఖలో చదివిన జార్జి హిచింగ్స్ పిమ్మట తెలిపెను. ఈ హిచింగ్స్ 1988లో నోబెలు బహుమానమందినవాడు గావున అతని మాటకు విలువ కలదు. సుబ్బారావుగారు మాత్రము ఈ విషయమై పోరాడలేదు. తన పేరును తానే వెనుకకు నెట్టుకొను స్వభావము ఆయనది. దీనిని నిష్కామమని కొనియాడువారితో మేము పూర్తిగా ఏకీభవింపజాలము. పేరు మరుగుపడినపుడు నష్టపడినది ఆయన ఒక్కరే కాదు. కనిపెట్టినది కనబడక శాస్త్రము కొన్నియేండ్లు వెనుకబడెను.

1940లో ఆయన హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్ గ్రామమున లెడర్లె ప్రయోగశాలలలో చేరి, పరిశోధనకు అధిపతులైరి. సోదరులను చంపిన సంగ్రహణి ఆయన మరువలేదు. ఆ వ్యాధిలోని రక్తక్షయమునకు పశువుల కార్జము ఔషధమని తెలియును; కార్జములోని ఏ అణువు ఔషధమో తెలియదు. బొంబాయిలోని గర్భిణీస్త్రీల పాండురోగమును పరీక్షించిన లూసీ విల్స్ అను ఇంగ్లీషు వైద్యురాలు ఈస్టుసారమున అట్టి గుణము కలదని 1931లో చూపియుండెను. 1941లో టెక్సస్ విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి కొంచెము సారము తీసి, ఆకునుండి వచ్చినది గనుక ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. నాలుగు టన్నుల ఆకు పిండి ఎందరికి వైద్యము చేయగలము? ఆ అణువును విడగొట్టి, ఏయే ముక్కలు ఎట్లు కూడినవో తెలిసికొని, మరల కూర్చవలెను. లెడర్లెలో సుబ్బారావుగారి ఆధ్వర్యమున పనిచేసిన బృందము 1945లో దీనిని సాధించెను. మూడు ముక్కలని తేలెను: టెరిడిన్ అను జంట వలయము, పారా అమైనో బెంజోయిక్ ఆమ్లము, గ్లుటామిక్ ఆమ్లము. తరువాతి రెంటిని కలుపు కీలు మన మాంసకృత్తులలోని కీలువంటిదే; రెండు ముక్కలు కూడునపుడు నీటి అణువొకటి వెలుపలికి పోవును, విడిపోవలెనన్న నీటి అణువొకటి లోనికి రావలెను.

సంగ్రహణి రహస్యము కొంత ఇచ్చటనే యున్నది. ఆకుకూరలలోని ఫోలిక్ పదార్థమునకు ఒకటి గాక అనేక గ్లుటామిక్ ముక్కలు గొలుసుగా తగులుకొని యుండును. ప్రేగుల లోపలి పొరలోని ఎంజైము ఆ గొలుసును ఒక్క ముక్క మిగులువరకు తెంచినగాని శరీరము దానిని గ్రహింపలేదు. సంగ్రహణిలో చెడిపోవునది ఆ పొరయే. రోగి ఎంత ఆకుకూర తిన్నను గొలుసు తెగక, ఆ పదార్థము వృథగా పోవును. గొలుసులేని శుద్ధ ఫోలిక్ ఆమ్లమునిచ్చినచో, చెడిన ప్రేగు సైతము కొంత లోనికి తీసికొనగలదు. రక్తము తిరిగి పట్టును. ప్రేగులలోని సూక్ష్మజీవులనణచుటకు టెట్రాసైక్లిన్‌ను దీనితో కలిపి యిచ్చుట పిమ్మట పరిపాటి యయ్యెను. ఆ టెట్రాసైక్లిన్ వంశమునకు మొదటిదగు ఆరియోమైసిన్, డెబ్బదియేండ్లు దాటిన డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞునిచే, సుబ్బారావుగారి ప్రయోగశాలలలోనే, ఒక పిడికెడు మన్నులోని సూక్ష్మజీవినుండి తీయబడి 1948లో లోకమునకు తెలుపబడెను. సోదరుల వ్యాధికి వలసిన రెండు మందులును ఒకే పైకప్పు క్రిందనుండి వచ్చెను.

కలుపుట తెలిసినవానికి కలిపినట్లు నటింపజేయుటయు తెలియును. రక్తములోని తెల్లకణములు హద్దుమీరి పెరుగు లుకేమియా అను రాచపుండుతో బోస్టనులో పసిపిల్లలు వారములలో చనిపోవుచుండిరి. ఫార్బర్ అను వైద్యుడు మొదట ఫోలిక్ జాతి పదార్థములనిచ్చి చూడగా వ్యాధి తగ్గుటకు మారుగా విజృంభించెను. ఆ అనుభవమునుండియే వ్యతిరేకమార్గము తోచెను. లెడర్లె రసాయనజ్ఞులు ఫోలిక్ అణువులో ఒక్క చోట ప్రాణవాయువున్న కొనను తీసి నత్రజనియున్న కొనను పెట్టి అమైనోప్టెరిన్ అను అణువును తయారుచేసిరి. కణము కొత్త జన్యుపదార్థమును నిర్మించుకొనుటకు ఫోలిక్ ఆమ్లమును మలచు ఎంజైము కావలెను. ఆ ఎంజైము నిజమైన అణువును పట్టుకొని పని ముగించి విడుచును. ఈ మాయ అణువును పట్టుకొనును గాని సులభముగా విడువజాలదు. తాళములో ఇరుక్కొన్న మారుచెవివలె అది అట్లే నిలిచిపోవును. కణము విభజన చెందలేక చచ్చును. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన పదునారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలము గుణమిచ్చెను. ఆ గుణము నిలువలేదు, వ్యాధి మరల వచ్చెను. కాని రసాయనమొకటి ఆ వ్యాధిని వెనుకకు నెట్టుట అపుడే మొదటిసారి స్పష్టముగా కనబడినది. దాని సోదరియగు మెథొట్రెక్సేటును ఇతర మందులతో చేర్చి చేయు చికిత్సచే, తగిన ఆసుపత్రులున్న చోట్ల ఆ వ్యాధిగల బాలురలో అధికసంఖ్యాకులు నేడు బ్రదుకుచున్నారు. కీళ్లవాతమునకును అదే మందును వారమునకొకమారు వైద్యులిచ్చుచున్నారు.

హెట్రజాన్‌ను గూర్చి ఒక్క మాట చాలును. 1947లో లెడర్లె బృందము దానిని ప్రకటించెను. గోదావరి మండలములలో బోదకాలునకు ఎవరి ఇల్లును దూరము కాదు. వరిచేల నడుమనున్న పల్లెలలో ఒక కాలు లావుగానున్న మనిషి కనబడని వీధి యుండెడిది కాదు. 1955లో ప్రారంభమైన జాతీయ ఫైలేరియా నివారణ ప్రయత్నమున వాడినది ఆ మందునే. తాము పుట్టిన మండలపు వ్యాధికి మందు పంపినవారు తాము మాత్రము ఆ మండలమును మరల చూడలేదు.

శేషగిరిగారు భర్తృరాకకై ఎదురుచూచుచునే యుండిరి. పుట్టిన బిడ్డ శైశవముననే పోయెను; తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. ఏటేట వత్తునని వ్రాయుట, ఏటేట పని అడ్డువచ్చుట. పాతిక సంవత్సరములు ఇట్లు గడచెను. జనసేవ యను పేర ఒక స్త్రీ జీవితము నిట్లు ఖర్చుపెట్టు హక్కు ఎంత గొప్పవానికైనను కలదా యని పాఠకులడిగినచో మాయొద్ద సమాధానము లేదు. ఆయన జీవితచరిత్రలో శాస్త్రమంతయు కలదు, ఈ ప్రశ్న కూడ కలదు. ఒకటి చెప్పి రెండవది దాచుట మాకిష్టము లేదు.

ఫార్బర్ వ్యాసము వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, పెరల్ రివర్‌లోని తన గదిలో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు పరమపదించిరి. వయసు యేబదిమూడేండ్లు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఏడాదియైనను నిండలేదు. 1953లో ఒక బూజుజాతికి ఆయన పేర సుబ్బరోమైసెస్ అని నామకరణము చేసిరి. 1995లో భారతప్రభుత్వము శతజయంతికి తపాలాబిళ్ల వేసెను.

మన వైద్యకళాశాలలలో మొదటి సంవత్సరపు విద్యార్థులు రక్తములోని ఫాస్ఫేటును కొలుచుటకు ఫిస్కే సుబ్బారావు పద్ధతిని ప్రయోగపుస్తకములో వ్రాసికొందురు. మాలిబ్డేటు పోసి, క్షయకరణ ద్రవ్యము చుక్కలు వేసి, గొట్టమును వెలుతురునకెత్తి పట్టుకొని, నీలిరంగు వచ్చువరకు గోడగడియారము చూచుచు నిలుచుందురు.